పెట్టె కనిపించని పార్సిల్



పోయిన ఆదివారం సంఘం ఆఫీసు బీరువా సర్దుతుంటే పాత మినిట్స్ పుస్తకం ఒకటి చేతికి వచ్చింది. 2013వ సంవత్సరానిది. జూన్ నెల విద్యా సహాయ కమిటీ తీర్మానాల్లో నాలుగోది ఇలా ఉంది: "సినిమా సంబంధమైన పనులకు సహాయం చేసే పద్ధతి మన సంఘానికి లేదు. కాబట్టి దరఖాస్తును తిరస్కరించడమైనది." కింద ఐదు సంతకాలు. చేతిరాత మాదే. తెలుగులోనే రాయాలని పట్టుబట్టి రాసినందువల్ల రెండు అక్షర దోషాలు కూడా ఉన్నాయి.

దరఖాస్తు పెట్టుకున్నవాడు మా సొంత చెల్లెలి కొడుకు. అడిగింది పాతికవేలు, వడ్డీ లేని అప్పుగా. చెన్నైలో గది అడ్వాన్సుకీ, ఒక పాత లాప్‌టాప్‌కీ.

ఆ పేజీని ఫోన్లో ఫోటో తీసుకుని ఇంటికి వచ్చాం. వారం రోజులుగా దాని గురించే ఆలోచన. ఈ పోస్టు అందుకే. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికపట్టి చదవండి. "ఎప్పుడూ మేము, మేము అని రాస్తారు, మీరు ఒక్కరే కదా" అని కొందరు అడుగుతుంటారు. ఈసారి మాత్రం అడగవద్దు. ఆ కాగితం మీద ఐదుగురం సంతకం పెట్టాం. ఐదుగురిలో ఇద్దరు ఇప్పుడు లేరు. మిగిలిన ముగ్గురి తరఫునా ఇది రాస్తున్నాం.

కొత్తగా చేరినవాళ్ళకు మా సంగతి తెలియదు కాబట్టి రెండు మాటలు. మా పూర్వులు ఎన్ని తరాల కిందట కొంగు నాడుకు వచ్చారో మాకు లెక్క తెలియదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. పదకొండో తరగతి దాకా తమిళ మీడియమే. తెలుగు మాట్లాడడమే గాని ఒక్క అక్షరం చదవడం రాదు. 1980లో రైల్వేలో క్లర్కుగా చేరి, సర్వీసులో ఎక్కువ కాలం ఒక జంక్షన్ పార్సిల్ ఆఫీసులో గడిపాం. తెలుగు అక్షరాలు మేము నేర్చుకున్నది అక్కడే, సినిమా పెట్టెల మీద.

ఆ రోజుల్లో సినిమా అంటే మాకు కథ కాదు, పాట కాదు. బరువు. 35 ఎం.ఎం. ఫిల్ము ఒక నిమిషం ఆడాలంటే 90 అడుగులు కావాలి. రెండున్నర గంటల సినిమాకు 13,500 అడుగులు, అంటే నాలుగు కిలోమీటర్ల పైమాట. దాన్ని రీళ్ళుగా చుట్టి, గుండ్రటి రేకు డబ్బాల్లో పెట్టి, ఆ డబ్బాలను పెద్ద రేకు పెట్టెల్లో సర్ది పంపేవాళ్ళు. పెట్టెను ఇద్దరు పోర్టర్లు చెరో పక్కా పట్టుకుని దించాలి. తమిళ సినిమాలు మద్రాసు నుంచి వచ్చేవి. అప్పుడప్పుడు విజయవాడ గాంధీనగర్ నుంచి తెలుగు సినిమా పెట్టె కూడా వచ్చేది. మా వైపు ఉదయం ఆటకు తెలుగు సినిమా వేసే థియేటర్లు అప్పుడు ఉండేవి. పెట్టె మూత మీద తెల్ల రంగుతో తెలుగులో సినిమా పేరు రాసి ఉండేది. పార్సిల్ వే బిల్లులో అదే పేరు ఇంగ్లీషులో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఇది "మ", ఇది "య" అని కూడబలుక్కుంటూ నేర్చుకున్నాం. గుండ్రాల మధ్య తేడా కనిపెట్టడానికి ఒక ఏడాది పట్టింది.

మధ్యాహ్నం పూట మాకు భోజనం క్యారియర్ తెచ్చేది మా మేనల్లుడే. ఏడెనిమిదేళ్ళ వయసు. వచ్చినవాడు వెంటనే పోడు. పెట్టెల మీద కూర్చుని కాళ్ళు ఊపుకుంటూ, "మామా, దీంట్లో ఎవరుండారు? రజనీకాంతా, చిరంజీవా?" అని అడిగేవాడు. మేము ఫోన్‌లో మాట్లాడుతుంటే నోరు మూసుకుని వినేవాడు.

ఒక దీపావళి సంగతి చెప్పాలి. మద్రాసు నుంచి రాత్రి బండిలో రావలసిన కొత్త సినిమా పెట్టె మా స్టేషన్లో దిగలేదు. బ్రేక్ వ్యాన్లో వేరే మూటల వెనక పడిపోయి, బండితో పాటే ముందుకు వెళ్ళిపోయింది. ఇట్లాంటి సరుకును మా భాషలో "ఓవర్ క్యారీడ్" అంటాం. తెల్లవారి ఐదుకు థియేటర్ మేనేజర్ వచ్చాడు. ఆరుకు ఇంకో నలుగురు వచ్చారు. ఏడుకు థియేటర్ ముందు నిలబడ్డ జనంలో కొందరు తిన్నగా మా కౌంటర్‌కే వచ్చేశారు. మేము కంట్రోల్ ఫోన్ పట్టుకుని, ముందు స్టేషన్‌కు వే బిల్లు నంబరు చెప్పి, వాళ్ళ చేత తిరిగి చదివించుకుని, మళ్ళీ చెప్పి, ఎదురు బండిలో పెట్టె ఎక్కించేసరికి తొమ్మిది దాటింది. పదకొండున్నరకు పెట్టె దిగింది. ఉదయం ఆట పోయింది, మధ్యాహ్నం ఆట దక్కింది. డెలివరీ పుస్తకంలో సంతకం పెడుతూ మేనేజర్ ఒక్క మాట అన్నాడు: "సార్, ఈ పెట్టె రాకపోతే ఈరోజు మా థియేటర్ గోడలే, సినిమా లేదు." ఆ మాట మేము మర్చిపోలేదు. అంత బాగా గుర్తుపెట్టుకున్నవాళ్ళం 2013లో ఆ తీర్మానం ఎట్లా రాశామో, అదే ఇప్పుడు అర్థం కావడం లేదు.

తర్వాత కాలం మారింది. 2005 ప్రాంతంలో ముంబయి యూఎఫ్ఓ, చెన్నై క్యూబ్ లాంటి కంపెనీలు డిజిటల్ పద్ధతి తెచ్చాయి. సినిమా ఉపగ్రహం నుంచో హార్డ్ డిస్క్‌లోనో థియేటర్‌కు పోతుంది. ఫిల్ము అక్కర్లేదు, రీళ్ళు అక్కర్లేదు, పెట్టె అక్కర్లేదు. రోజుకు పది పెట్టెలు దిగే చోట వారానికి రెండు, తర్వాత నెలకు ఒకటి, తర్వాత అదీ లేదు. మేము రిటైరయ్యే ముందు ఏళ్ళలో బనియన్ మూటలు, కోడిగుడ్లు, మోటారు సైకిళ్ళు బుక్ చేసుకుంటూ కూర్చున్నాం. సినిమా పార్సిల్ చచ్చిపోయింది అనుకున్నాం. సరిగ్గా అప్పుడే మా వాడు ఇంజనీరింగ్ ముగించి వచ్చి, "మామా, చెన్నైలో డిజిటల్ సినిమా కంపెనీలో ట్రైనీగా తీసుకున్నారు. నెలకు తొమ్మిదివేలు" అన్నాడు.

మేము ఏమన్నామో ఉన్నది ఉన్నట్టు రాస్తాం. "తొమ్మిదివేలకు సినిమావాళ్ళ వెనక తిరుగుతావా? రైల్వే పరీక్ష రాయి. మేము పుస్తకాలు కొనిపెడతాం." వాడు ఎదురు చెప్పలేదు. "మామా, ఇది సినిమా తీయడం కాదు. సినిమా చేర్చడం. మీరు చేసిన పనే" అన్నాడు. అది వినీ విననట్టు ఊరుకున్నాం. చెల్లెలు వచ్చి గడప దగ్గర నిలబడి, "అన్నా, నువ్వు ఒక మాట చెబితే సంఘంలో ఇస్తారు కదా" అంది. "మన బంధువు అని ఇస్తే నలుగురూ నాలుగు మాటలు అంటారమ్మా" అన్నాం. నిజం అది కాదు. సినిమా అన్న మాట మాకు ఇష్టం లేదు. అంతే.

ఆ పాతికవేలు ఎక్కడి నుంచి వచ్చాయో మేము అడగలేదు. వాడు చెన్నై వెళ్ళిపోయాడు.

మొదటి రెండేళ్ళు వాడికి రాత్రి డ్యూటీలే. తమిళం, తెలుగు రెండూ వచ్చినవాడని తెలుగు థియేటర్ల ఫోన్లన్నీ వాడికే ఇచ్చారట. నెల్లూరు, తిరుపతి, కర్నూలు, హోసూరు. అవతలి నుంచి ఆపరేటర్లు "మీ తెలుగు వేరేగా ఉంది సార్, మీది ఏ ఊరు?" అని అడిగేవాళ్ళట. కొంగు నాడు అంటే వాళ్ళకు తెలియదు. "తమిళనాడు తెలుగువాణ్ణి" అంటే ఆశ్చర్యపోయేవాళ్ళట. మనం ఇంట్లో మాట్లాడుకునే తెలుగు, మన పిల్లలు నామోషీ పడే తెలుగు, వాడికి ఉద్యోగం నిలబెట్టింది. చదవడం మాత్రం అక్కడ చేరాకే నేర్చుకున్నాడు, థియేటర్ లిస్టులు చూసి. మేము పెట్టెల మీద నేర్చుకున్నట్టే.

ట్రైనీ నుంచి ఎగ్జిక్యూటివ్ అయ్యాడు. తర్వాత ఏరియాలు అప్పగించారు. సినిమా వ్యాపారంలో ఏరియాలు మన రైల్వే డివిజన్ల లాంటివే. తెలుగు వైపు నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పడమర, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. తమిళనాడులో చెంగల్పట్టు, సేలం, కోయంబత్తూరు, తిరుచ్చి-తంజావూరు, మదురై-రామనాథపురం, తిరునెల్వేలి-కన్యాకుమారి. ఈ పేర్లన్నీ వాడు గబగబా చెబుతుంటే మా పాత టారిఫ్ పుస్తకం చదువుతున్నట్టు ఉంటుంది.

2018 మార్చి మొదట్లో దక్షిణాది నిర్మాతలు డిజిటల్ కంపెనీల చార్జీలు ఎక్కువని కొత్త సినిమాల విడుదల ఆపేశారు. ఆ చార్జీకి పేరు "వర్చువల్ ప్రింట్ ఫీజు". అంటే లేని ప్రింటుకు రుసుము! మేము నవ్వుకున్నాం. వాడు నవ్వలేదు. "థియేటర్లో మెషిన్ పెట్టింది కంపెనీ. ఆ డబ్బు ఎవరో ఒకరు కట్టాలి కదా. కానీ ఎన్నాళ్ళు కట్టాలని నిర్మాత అడిగేదీ న్యాయమే" అన్నాడు. తెలుగువాళ్ళకు వారం రోజుల్లో రాజీ కుదిరింది. తమిళ సినిమాలకు ఏప్రిల్ నడుమ దాకా పట్టింది. అన్ని రోజులూ వాడి ఫోన్ మోగలేదట. "మోగే ఫోన్ కంటే మోగని ఫోన్‌కే భయం మామా" అన్నాడు.

ఇక పెళ్ళి సంగతి. మన సంఘం వివాహ పరిచయ రిజిస్టరులో వాడి పేరు 2018లోనే ఎక్కించాం. వృత్తి అన్న గడిలో "డిజిటల్ సినిమా డిస్ట్రిబ్యూషన్" అని రాసుకున్నాడు. వచ్చిన సంబంధాలన్నీ "సినిమా" దగ్గరే ఆగిపోయేవి. ఒకాయన మమ్మల్ని పక్కకు పిలిచి, "తాగుతాడా?" అని అడిగాడు. మేమే వాడికి సలహా ఇచ్చాం, సాఫ్ట్‌వేర్ అని రాసుకో, అబద్ధం కూడా కాదు కదా అని. వాడు ఒప్పుకోలేదు. "పని పేరు దాచిపెట్టి తెచ్చుకున్న పిల్లకు గురువారం రాత్రి ఎక్కడికి పోతున్నానని చెప్పాలి మామా?" అన్నాడు. మాకు జవాబు తోచలేదు.

తర్వాత 2020 వచ్చింది. మార్చిలో థియేటర్లు మూతపడ్డాయి. తమిళనాడులో మళ్ళీ తెరిచింది నవంబరు 10న. వాడికి సగం జీతం. గది ఖాళీ చేసి ఇంటికి వచ్చాడు. ఎనిమిది నెలలు మా వీధిలోనే ఉన్నాడు. మా పెద్దరికం మళ్ళీ నోరు తెరిచింది. "చెప్పాం కదా, రైల్వేలో ఉంటే ఇంట్లో కూర్చున్నా జీతం వచ్చేది" అన్నాం. తినే అన్నం ముందు అన్నాం. వాడు అన్నం ముగించి, చేయి కడుక్కుని, మేడ మీదికి వెళ్ళి ఫోన్ చేయడం మొదలుపెట్టాడు.

ఎవరికి ఫోన్లు అని మేము మెల్లిగా మెట్ల మీద నిలబడి విన్నాం. థియేటర్ ఆపరేటర్లకు. "అన్నా, బాగుండారా? వారానికి ఒకసారైనా సర్వర్ ఆన్ చేసి పెట్టండి. అట్లే వదిలేస్తే లోపల బ్యాటరీ దిగిపోతుంది." మాకు అర్థం కాలేదు. తర్వాత అడిగితే చెప్పాడు. థియేటర్ మెషిన్లో ఒక భాగానికి సొంత గడియారం, సొంత గుర్తింపు రహస్యం ఉంటాయట. దాన్ని ఒక బ్యాటరీ కాపాడుతూ ఉంటుంది. నెలల తరబడి కరెంటు లేకపోతే బ్యాటరీ చచ్చి ఆ రహస్యం చెరిగిపోతుంది. అప్పుడు థియేటర్ తెరిచినా సినిమా ఆడదు. మెషిన్‌ను రిపేరుకు పంపాలి. చిన్న ఊళ్ళలో ఆ ఖర్చు భరించలేక తలుపులు తెరవనివాళ్ళు కూడా ఉంటారు. 

కొందరు ఆపరేటర్లకు అప్పుడు జీతమే లేదు. వాళ్ళు ఫోన్లో మెషిన్ గురించి రెండు నిమిషాలు, ఇంటి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడేవాళ్ళు. ఒకాయన కూరగాయల బండి పెట్టుకున్నాడట. బండి తోసుకుంటూ థియేటర్ మీదుగా పోయేటప్పుడు లోపలికి వెళ్ళి మెషిన్ ఆన్ చేసి, ఒక గంట కూర్చుని, ఆపి వచ్చేవాడట. ఖాళీ హాల్లో, ఏ సినిమా లేకుండా. మా వాడు సగం జీతానికి రోజూ పాతిక ముప్ఫై ఫోన్లు చేశాడు. ఆ ఎనిమిది నెలలూ వాడు ఇంట్లో ఊరికే కూర్చున్నాడని మేము వీధిలో చెప్పుకున్నాం.

2022లో పెళ్ళి అయింది. పిల్లది హోసూరు వైపు, బడిలో టీచరు. పెళ్ళిచూపుల్లో ఆ అమ్మాయి అడిగింది ఒకే ప్రశ్న: "శుక్రవారం పొద్దున ఇంట్లో ఉంటారా?" ఉండనన్నాడు. "మా నాయన లారీ నడిపినాడు. మాకు అలవాటే" అంది. మా సంఘం పెద్దలందరికంటే ఆ పిల్లకు వాడి పని తొందరగా అర్థమయింది.

పోయిన ఏడాది కంటి వైద్యానికి చెన్నై వెళ్ళి వాళ్ళింట్లో నాలుగు రోజులు ఉన్నాం. మూడో రోజు గురువారం. మరుసటి రోజు పెద్ద తెలుగు సినిమా విడుదల. ఇప్పుడు వాడు పెద్ద పదవిలో ఉన్నాడు, కింద తొమ్మిది మంది పనిచేస్తారు. అయినా రాత్రంతా హాల్లో రెండు లాప్‌టాప్‌లు, రెండు ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. మాకు నిద్ర పట్టక వెళ్ళి పక్కన కూర్చున్నాం.

ఆ రాత్రి వాడు మాకు "కీ" అంటే ఏమిటో చెప్పాడు. సినిమా థియేటర్‌కు ముందే చేరిపోతుంది. కానీ అది తాళం వేసిన పెట్టె లాంటిది. తెరిచే తాళంచెవిని కె.డి.ఎం. అంటారు, కీ డెలివరీ మెసేజ్. చిన్న ఫైలు, ఈమెయిల్లో పోతుంది. కానీ ఆ తాళంచెవి ఆ ఒక్క సినిమాకే, ఆ ఒక్క మెషిన్‌కే, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకానే పనిచేస్తుంది. పక్క స్క్రీన్లో పెడితే తెరుచుకోదు. పది నిమిషాలు ముందు పెట్టినా తెరుచుకోదు. వెయ్యి స్క్రీన్లకు వెయ్యి తాళంచెవులు. పైగా నిర్మాత డబ్బు లెక్కలు తేలితేనే తాళంచెవి వదలాలి. లెక్క తేలకపోతే తెల్లవారే దాకా చేతిలో పెట్టుకుని కూర్చోవాలి. పాత రోజుల్లో ఫైనాన్షియర్ ఉత్తరం ఇస్తే గాని ల్యాబ్ ప్రింట్లు బయటికి వదిలేది కాదు. చోటు మారింది, పద్ధతి మారలేదు. ఇంకొకటి కూడా చెప్పాడు. ఆడే ప్రతి ఆటలోనూ బొమ్మలో కంటికి కనిపించని గుర్తు ఒకటి పడుతుందట. ఎవరైనా దొంగతనంగా కెమెరాలో పట్టి బయటపెడితే ఏ థియేటర్లో, ఏ ఆటలో పట్టారో తెలిసిపోతుంది. మేము పార్సిల్ మీద వేసే స్టేషన్ మార్కు లాంటిది.

రాత్రి రెండు గంటలప్పుడు ఫోన్. చిత్తూరు వైపు ఒక చిన్న ఊరి థియేటర్. సాయంత్రం మెషిన్ పాడైతే వేరేది తెచ్చి పెట్టారు, ఎవరికీ చెప్పలేదు. పాత మెషిన్‌కు పంపిన తాళంచెవి కొత్తదానికి ఎట్లా పనిచేస్తుంది? పొద్దున్న మొదటి ఆటకు టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. అవతలి మనిషి కేకలు మాకు కూడా వినిపిస్తున్నాయి. మా వాడు గొంతు పెంచలేదు. "అన్నా, తిట్టేది రేపు తిడుదురు గాని. టార్చి తీసుకుని మెషిన్ వెనక్కి పోండి. అక్కడ నంబరు ఉంటాది. ఒక్కొక్క అంకె నిదానంగా చదవండి." ఆయన చదివాడు. మా వాడు రాసుకున్నాడు. రాసుకుని, "ఇప్పుడు నేను చదువుతా, మీరు చూసుకోండి" అని మొదటి నుంచి చివరి దాకా తిరిగి చదివాడు. నడుమ ఒక అంకె తేడా వచ్చింది. దిద్దుకున్నాడు. "ఇప్పుడు మీరు ఇంకొకసారి చదవండి" అన్నాడు.

మాకు ఒళ్ళు జలదరించింది. అది మా పద్ధతి. కంట్రోల్ ఫోన్‌లో నంబరు చెప్పి, తిరిగి చదివించుకుని, మళ్ళీ చెప్పడం. 

నాలుగున్నరకు కొత్త తాళంచెవి పోయింది. ఐదుకు ఆపరేటర్ ఫోన్ చేసి "తెరుచుకుంది సార్" అన్నాడు. ఫోన్ పెట్టేశాక అడిగాం, నంబర్లు అట్లా రెండుసార్లు చదివించేది కంపెనీలో నేర్పించారా అని. వాడు మా వైపు చూసి, "లేదు మామా. క్యారియర్ తెచ్చినప్పుడు మీరు ఫోన్‌లో చెప్పేది వినేవాణ్ణి కదా. మా టీముకు కూడా నేనే నేర్పించినా" అన్నాడు.

అప్పుడు వాడి అమ్మ, మా చెల్లెలు, కాఫీ తెచ్చి ఇచ్చింది. కాఫీ అందుకునేటప్పుడు చేతులు చూశాం. చేతికి రెండు గాజు గాజులే ఉన్నాయి. మా నాయన పెళ్ళికి పెట్టిన నాలుగు బంగారు గాజులు ఎప్పటి నుంచి లేవో మేము ఏనాడూ గమనించలేదు. అడిగాం. "ఎప్పుడో 2013లో పెట్టినానన్నా. విడిపించుకోవాలనే అనుకున్నాం, వడ్డీ ఎక్కువైపోయింది" అంది. కోపంగా అనలేదు. మామూలుగా అంది.

ఇదీ జరిగింది. వాడి భవిష్యత్తు బంగారమని చెప్పడానికి ఇది రాయడం లేదు. వాడే అంటాడు, సినిమాలు నాలుగు వారాలకే ఫోన్లలోకి వచ్చేస్తున్నాయి, చిన్న ఊళ్ళలో థియేటర్లు కల్యాణ మండపాలు అవుతున్నాయి, ఇంకో పదేళ్ళకు తన పని ఏ రూపంలో ఉంటుందో తెలియదని. "అప్పుడేం చేస్తావురా?" అన్నాం. "సినిమా పెట్టెలు ఆగిపోయినప్పుడు మీరేం చేసినారు?" అన్నాడు. "కోడిగుడ్లు బుక్ చేశాం" అన్నాం. "నేనూ ఏదో ఒకటి చేరుస్తా మామా" అని నవ్వాడు.

మన కమిటీవాళ్ళకు ఒక సంగతి గుర్తు చేయాలి. దక్షిణాదిలో ఊరూరా తిరిగి సినిమా చూపించిన తొలి మనుషుల్లో ఒకరు ఎవరు? కోయంబత్తూరులో పుట్టిన సామికన్ను విన్సెంట్. తిరుచ్చిలో రైల్వే ఉద్యోగి! 1905లో ఒక ఫ్రెంచివాడి దగ్గర ప్రొజెక్టరూ ఫిల్ములూ కొని బయల్దేరాడు. 1914లో కోయంబత్తూరులో వెరైటీ హాల్ కట్టాడు. ఆ రోడ్డుకు ఈనాటికీ అదే పేరు. ఇంచుమించు అదే కాలంలో మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టింది మచిలీపట్నం నుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్ రఘుపతి వెంకయ్య నాయుడు. తెలుగు జయంతి సభల్లో వెంకయ్య గారి పేరు చెప్పి చప్పట్లు కొడతాం. ఆ పని చేయబోయిన మన పిల్లవాడికి పాతికవేలు ఇవ్వలేదు. విన్సెంట్ మన కమిటీకి దరఖాస్తు పెట్టుకుని ఉంటే ఆయనకూ అదే తీర్మానం రాసి ఉండేవాళ్ళం, అవే రెండు అక్షర దోషాలతో.

తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు కొంచెం తెలుస్తోంది. పెట్టె కళ్ళకు కనిపించినన్నాళ్ళు అది పని అనుకున్నాం. పెట్టె కనిపించకుండా పోయేసరికి పనే లేదనుకున్నాం. సరైన సరుకు, సరైన చోటికి, సరైన వేళకు చేర్చి, సంతకం తీసుకోవడం. ముప్ఫై ఏడేళ్ళు ఆ పని చేసి పెన్షన్ తీసుకుంటున్నవాళ్ళం, అదే పనిని మా వాడి చేతిలో గుర్తుపట్టలేకపోయాం.

రాబోయే సర్వసభ్య సమావేశంలో మేము రెండు ప్రతిపాదనలు పెడుతున్నాం. ఒకటి, విద్యా సహాయ నిబంధనల్లో "సినిమా సంబంధమైన పనులకు లేదు" అనే మాట కొట్టేయాలి. పిల్లవాడు ఏం చేయబోతున్నాడో ఎదురుగా కూర్చోబెట్టుకుని అరగంట విన్న తర్వాతే తీర్మానం రాయాలి. రెండు, వివాహ పరిచయ రిజిస్టరులో వృత్తి గడిలో పిల్లలు ఏం రాస్తే అదే ఉంచాలి. దాన్ని మార్చమని పెద్దలు ఎవరూ ఒత్తిడి చేయకూడదు. ముందుగా మమ్మల్ని కలిపే చెబుతున్నాం.

చెల్లెలి గాజుల విషయం సంఘానికి సంబంధించింది కాదు. అది మా ఇంటి లెక్క. పోయిన నెల పెన్షన్ బకాయి వచ్చింది. నగల షాపుకు వెళ్ళి వచ్చాం. నాలుగు కుదరలేదు, రెండు కొన్నాం. చెల్లెలు తీసుకోనంది. "వార్ఫేజి అనుకో" అన్నాం. సమయానికి విడిపించని పార్సిల్‌కు రోజుకింత అని కట్టేది వార్ఫేజి. పన్నెండేళ్ళ వార్ఫేజికి రెండు గాజులు తక్కువే. రైల్వే వాళ్ళ ఇంటి ఆడపిల్ల కదా, నవ్వి, చేతికి వేసుకుంది.

మీ ఇళ్ళలో కూడా మీకు అర్థం కాని పేరున్న ఉద్యోగం చేసే పిల్లలు ఉంటారు. ఈ వారం ఒక రోజు వాళ్ళ పక్కన కూర్చుని పని చూడండి. చూసింది ఇక్కడ రాయండి, తెలుగులో రాలేకపోతే తమిళంలోనే రాయండి, మేము చదువుతాం.

అక్షర దోషాలు ఉంటే మన్నించండి. తమిళంలో చదువుకున్నవాళ్ళం, సినిమా పెట్టెల మీద తెలుగు నేర్చుకున్నవాళ్ళం.